కోరిక తగ్గినవారికి పెప్టైడ్ ఇంజెక్షన్: పనిచేసే తీరు, అడిగే ముందు చేసుకోవలసిన పనులు

కర్నూలు పెద్దాసుపత్రికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో మాకొక మెడికల్ షాపు ఉంది. రాత్రి తొమ్మిదిన్నర దాటి షట్టరు సగం దించాక వచ్చే గిరాకీ పగటి గిరాకీలాగా ఉండదు. పక్కన ఇంకెవరూ లేరని చూసుకొని, ఫోను ముందుకు చాచి, "అన్నా, ఇది దొరుకుతాదా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. కొన్నేళ్ల కిందట ఆ ఫోనులో నీలం రంగు బిళ్ళ బొమ్మ ఉండేది. ఇప్పుడు అడుగున తెల్లటి పొడి పేరుకున్న చిన్న గాజు బుడ్డి బొమ్మ ఉంటోంది, దాని మీద పి.టి.-141 అనో బ్రెమెలనోటైడ్ అనో రాసి ఉంటోంది, రెండూ ఒకే మందు పేర్లు. అడిగేవారిలో మగవాళ్ళే ఎక్కువ. అయితే అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది ఆడవాళ్ళ కోసమని వారిలో చాలామందికి తెలియదు.

ఆ బుడ్డిలో ఉన్నదేమిటో, అది శరీరంలో ఎక్కడికి పోయి ఏం చేస్తుందో, దాని కోసం వెతికే ముందు ఏయే పనులు పూర్తిచేసుకోవాలో వరుసగా చెప్పడానికి ఇది రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, ఫార్మసిస్టును. మందు ఎవరికి రాయాలో తేల్చవలసింది వైద్యుడే. మందు నడిచే తీరును, దాని లేబుల్ మీద ఉన్న హెచ్చరికలను అర్థమయ్యేటట్లు చెప్పడం మాత్రం మా వృత్తిలో భాగం.

తగ్గింది ఏదో ముందు తేల్చుకోవాలి

మన ప్రాంతంలో "ఇంటి విషయంలో బాగలేదు" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సమస్యలు దాక్కొని ఉంటాయి. మనసులో అసలు కోరికే పుట్టకపోవడం ఒకటి, కోరిక ఉన్నా అంగం గట్టిపడకపోవడం ఇంకొకటి, వీర్యం త్వరగా పడిపోవడం మరొకటి, స్త్రీలకు కలయిక సమయంలో నొప్పి కలగడం నాలుగోది. వీటికి కారణాలు వేరు, మందులు వేరు, కొన్నిసార్లు వైద్యులు కూడా వేరు. నీలం బిళ్ళగా అందరికీ తెలిసిన సిల్డెనఫిల్ రెండో సమస్యకు సంబంధించినది. అది అంగంలోని రక్తనాళాలు వదులై రక్తం నిండడానికి తోడ్పడుతుందే తప్ప మనసులో కోరికను పుట్టించదు. కోరిక లేని మనిషి దాన్ని వేసుకొని కూర్చుంటే తలనొప్పి, ముఖం వేడెక్కడం తప్ప పెద్దగా ఏమీ మిగలదు. గుండెనొప్పికి నైట్రేట్ బిళ్ళలు వాడేవారు దాన్ని వేసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది కాబట్టి, దాన్ని కూడా చీటీ లేకుండా అడగకూడదు.

పెప్టైడ్ చికిత్స మొదటి సమస్యకు, అంటే కోరికే పుట్టకపోవడానికి సంబంధించినది. అందులోనూ అందరికీ కాదు. ఇంతకుముందు కోరిక మామూలుగా ఉండి తరువాత తగ్గిపోయి ఉండాలి. ఆ తగ్గుదల ఏ సందర్భంలోనైనా ఒకేలా ఉండాలి. దాని వల్ల ఆ మనిషికే బాధ కలుగుతూ ఉండాలి. దానికి వేరే జబ్బు గాని, వేరే మందు గాని, భార్యాభర్తల మధ్య ఉన్న గొడవ గాని కారణం కాకూడదు. వైద్యులు సాధారణంగా ఇది ఆరు నెలలపాటు సాగితేనే రుగ్మతగా లెక్కిస్తారు. వీటిలో "ఆ మనిషికే బాధ" అన్న షరతును నేను మళ్ళీ మళ్ళీ గుర్తుచేయవలసి వస్తుంది, ఎందుకంటే భార్యకు తెలియకుండా భార్య కోసం మందు అడిగే భర్తలు వస్తూనే ఉంటారు. భార్యకు లేని బాధకు భర్త అడిగి తీసుకుపోయే మందు ఏదీ లేదు.

పెప్టైడ్ అంటే, అది ఇంజెక్షనుగానే ఎందుకు వస్తుంది

మనం తినే కందిపప్పులో, శెనక్కాయల్లో ఉండే మాంసకృత్తులు అమినో ఆమ్లాలు అనే చిన్న ముక్కలు గొలుసుగా కలిసి ఏర్పడినవి. ఆ గొలుసు పొడవుగా ఉంటే ప్రొటీన్ అంటారు, పొట్టిగా ఉంటే పెప్టైడ్ అంటారు. శరీరం తన అవయవాల మధ్య కబుర్లు పంపుకోవడానికి ఇలాంటి పొట్టి గొలుసులను ఎన్నింటినో తయారుచేసుకుంటుంది. ఇంట్లో షుగరు ఉన్నవారు రోజూ తీసుకునే ఇన్సులిన్ 51 అమినో ఆమ్లాల పెప్టైడే. ఇన్సులిన్‌ను బిళ్ళగా మింగకుండా పొట్ట చర్మం కింద ఎందుకు పొడుచుకుంటున్నామో ఆలోచిస్తే ఇక్కడి సంగతీ అర్థమవుతుంది. కడుపులోకి పోయిన పెప్టైడ్‌ను జీర్ణరసాలు పప్పును అరిగించినట్లే అరిగించేస్తాయి, కబురు చేరవలసిన చోటికి చేరేలోగా గొలుసు తెగిపోతుంది. అందుకే బ్రెమెలనోటైడ్‌ను కూడా చర్మం కిందికే ఇస్తారు. కోరికను పెంచే పెప్టైడ్ అంటూ మింగే చుక్కలో, పాలలో కలుపుకునే పొడో ఎవరైనా అమ్మజూపితే అనుమానించడానికి ఇదొక్కటే చాలు.

బ్రెమెలనోటైడ్ ఏడు అమినో ఆమ్లాలు ఉంగరంలాగా చుట్టుకొని ఉండే చిన్న అణువు. ఇది చర్మానికి రంగునిచ్చే హార్మోనుకు దగ్గరి చుట్టం. మన శరీరంలో ఆల్ఫా-ఎమ్మెస్‌హెచ్ అనే 13 అమినో ఆమ్లాల హార్మోను ఒకటి ఉంటుంది, చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం తయారీకి ఆజ్ఞ ఇచ్చే పనుల్లో అది ముఖ్యమైనది. ఎండలో కాలకుండానే చర్మాన్ని నల్లబరిచే మందు కోసం అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో దానికి పోలికగా కృత్రిమ పెప్టైడ్లను తయారుచేశారు. వాటిలో మెలనోటాన్-2 అనే దాన్ని పరిశోధకుల్లో ఒకరు తన శరీరానికే ఎక్కించుకొని చూసుకోగా, అంగం గట్టిపడి గంటల తరబడి అలాగే ఉండిపోయింది. రంగు కోసం మొదలైన పని అలా కోరిక వైపు మళ్ళింది, ఆ దారిలో పుట్టినదే బ్రెమెలనోటైడ్. తెల్లతోలువాళ్ళు నల్లబడాలని చేసిన మందు, ఎండలో ఊరికే నల్లబడే మన సీమకు కొరియరులో రావడం చూస్తే నాకు కాస్త నవ్వొస్తుంది. కాని ఈ పుట్టుపూర్వోత్తరాలు కాలక్షేపానికి చెప్పినవి కావు. మందు వల్ల వచ్చే చిక్కులన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

మెదడులో జరిగే పని

కణాల మీద ఉండి ఇలాంటి కబుర్లను అందుకునే చోట్లను గ్రాహకాలంటారు, ఈ పెప్టైడ్ అంటుకునేవాటి పేరు మెలనోకార్టిన్ గ్రాహకాలు. అవి ఐదు రకాలు. ఒకటో రకం చర్మంలో ఉండి రంగును నడుపుతుంది. నాలుగో రకం మెదడులో, ముఖ్యంగా హైపోథాలమస్ అనే భాగంలో ఉంటుంది. ఆకలి, శరీర బరువు, లైంగిక స్పందన వంటివాటి మీద దాని ప్రభావం ఉంటుంది. ఇంజెక్షన్ తరువాత మందు రక్తం ద్వారా అక్కడికి చేరి నాలుగో రకం గ్రాహకాన్ని తట్టినప్పుడు, కోరికకు సంబంధించిన నరాల దారుల్లో, నరాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం పాత్ర పెరుగుతుందని జంతువుల మీద చేసిన ప్రయోగాలు సూచించాయి. మనుషుల్లో ఏ దారిన ఎంత జరుగుతుందనేది ఇంకా పూర్తిగా తేలలేదని మందు లేబుల్ మీదే ఉంటుంది. సిల్డెనఫిల్ రక్తనాళాల దగ్గర పనిచేస్తే, ఇది మెదడు దగ్గర పనిచేయడానికి ప్రయత్నిస్తుంది. రెండింటి మధ్య తేడా అంతా అదే.

అయితే మందుకు ఎక్కడికి వెళ్ళాలో తెలియదు, రక్తం ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి వెళుతుంది. కె.సి. కాలువకు నీళ్లు వదిలితే అవి మన మడికే రావు కదా, తూము తెరిచి ఉన్న ప్రతి మడిలోకీ పోతాయి. ఈ పెప్టైడ్ కూడా అంతే. మెదడులోని గ్రాహకాన్ని తట్టినట్లే చర్మంలోని గ్రాహకాన్నీ తడుతుంది, రక్తపోటును కొద్దిసేపు పెంచుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. వికారం, ముఖం వేడెక్కడం, చర్మం మీద మచ్చలు అనేవి మందులో కల్తీ వల్ల వచ్చేవి కావు. అసలైన మందు కూడా తన పని తాను చేస్తూ వాటిని తెస్తుంది.

దాని నుంచి ఎంత ఆశించవచ్చు

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 జూన్‌లో దీనికి వైలీసి అనే పేరుతో అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి నెలసరి ఇంకా ఆగని స్త్రీలకు, పైన చెప్పిన రకం కోరిక తగ్గుదలకు మాత్రమే. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు గాని, పురుషులకు గాని, కలయికలో సామర్థ్యం పెంచుకోవడానికి గాని అనుమతి లేదు. పురుషుల అంగస్తంభన కోసం ముక్కులో కొట్టుకునే స్ప్రేగా దీన్ని మొదట్లో పరీక్షించారు గాని, రక్తపోటు పెరుగుతోందన్న కారణంగా ఆ ప్రయత్నాన్ని వదిలేశారు. ఇప్పుడు మగవాళ్ళకు అమ్మజూపుతున్న బుడ్డి వెనుక ఉన్న కథ అది.

స్త్రీల మీద 24 వారాలపాటు జరిగిన రెండు పరీక్షల ఫలితాలను ప్రకటనల ఆర్భాటం పక్కన పెట్టి చూడాలి. కోరికను కొలిచే మార్కుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల, అసలు మందు తీసుకున్నవారిలో నూటికి 25 మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో నూటికి 17 మందికి కనిపించింది. కోరిక లేదన్న బాధ తగ్గినవారు ఇటు సుమారు 35 మంది, అటు సుమారు 31 మంది. తృప్తినిచ్చిన కలయికల సంఖ్యలో రెండు గుంపుల మధ్య తేడా రాలేదు. నా లెక్కలో దీనర్థం, మందు పూర్తిగా వట్టిది కాదు, కాని నూరుమంది వాడితే అచ్చంగా మందు వల్లనే లాభపడేవారు ఎనిమిది మంది దాకా ఉంటారు. ఉత్తుత్తి సూదికి కూడా 17 మందికి కోరిక పెరిగిందంటే, తమ బాధను ఎవరో పట్టించుకొని అడిగి వినడంలోనే కొంత వైద్యం ఉందన్నమాట.

ఇక చిక్కుల సంగతి. నూటికి 40 మందికి వికారం వచ్చింది, అది ఎక్కువగా మొదటి ఇంజెక్షనుకే. 13 మందికి వాంతి తగ్గించే మందు ఇవ్వవలసి వచ్చింది, ఎనిమిది మంది వికారం తట్టుకోలేక మందే మానుకున్నారు. ముఖం, మెడ వేడెక్కి ఎర్రబడడం 20 మందిలో, తలనొప్పి 11 మందిలో కనిపించాయి. ఇంజెక్షన్ తరువాత రెండు నుంచి నాలుగు గంటల మధ్య పై బీపీ సుమారు 6, కింది బీపీ సుమారు 3 పాయింట్లు పెరిగి, సాధారణంగా 12 గంటల్లోపు మామూలు స్థితికి వస్తాయి. అదుపులో లేని బీపీ ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు దీన్ని అసలు తీసుకోకూడదు. ముఖం మీద, చిగుళ్ల మీద, రొమ్ముల మీద నల్లమచ్చలు రావడం నెలకు ఎనిమిది డోసులకు మించనివారిలో నూటికి ఒకరికే కనిపించింది. వరుసగా ఎనిమిది రోజులు రోజుకొకటి చొప్పున తీసుకున్నప్పుడు మాత్రం అది 38 శాతానికి పెరిగింది. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవారికి ఈ మచ్చలు వచ్చే అవకాశం ఎక్కువ. మందు మానినా కొందరిలో అవి పోయినట్లు నిర్ధారణ కాలేదు. సీమ ఎండలో పనిచేసే మన చర్మాలకు ఈ హెచ్చరిక ముందు వరుసలో ఉండాలి.

వెతకవలసిన కారణాలు

అసలు పని ఇక్కడ ఉంది. కోరిక తగ్గినవారిలో ఎక్కువమందికి ఈ ఇంజెక్షన్ అవసరమే రాకపోవచ్చు, ఎందుకంటే కారణం వేరే చోట దొరుకుతుంది. ఇది నాకు పాఠంగా తగిలిన సంగతి ఒకటి చెప్పాలి. నంద్యాల వైపు నుంచి వచ్చే ముప్పై అయిదేళ్ల మనిషి ఒకాయన, షట్టరు సగం దించిన అదే వేళలో వచ్చి, ఫోనులో బుడ్డి బొమ్మ చూపించాడు. ఆరు నెలలుగా మనసే పోవడం లేదని చెప్పాడు. ఇంకేమైనా మందులు వాడుతున్నావా నాయనా అని అడిగితే, "ఏం లేవన్నా, గ్యాసు బిళ్ళ ఒకటే" అన్నాడు. ఆ గ్యాసు బిళ్ళ రాబెప్రజోల్‌తోపాటు 75 మి.గ్రా. లెవోసల్పిరైడ్ కలిసిన గుళిక. ఎప్పుడో ఒక వైద్యుడు కొన్నాళ్లకని రాసిన ఆ గుళికను ఆయన ఏడాదికి పైగా రోజూ పొద్దున మింగుతున్నాడు. అన్నాళ్లూ పాత చీటీ మీదే, కొత్త చీటీ అడగకుండా స్ట్రిప్పు తరువాత స్ట్రిప్పు ఇచ్చింది మా షాపే.

లెవోసల్పిరైడ్, డోంపెరిడోన్ వంటివి డోపమైన్ పనిని అడ్డుకొని కడుపు కదలికను చురుకు చేస్తాయి. అదే కారణంగా ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతాయి. ప్రొలాక్టిన్ పెరిగితే పురుషులకు కోరిక తగ్గవచ్చు, అంగం గట్టిపడక పోవచ్చు, రొమ్ములు ఉబ్బవచ్చు. స్త్రీలకు నెలసరి తప్పవచ్చు, బిడ్డ లేకుండానే రొమ్ముల్లో పాలు రావచ్చు. ఆయనను వైద్యుడి దగ్గరికి పంపితే ప్రొలాక్టిన్ ఎక్కువగా తేలింది, గుళిక మార్చారు. రెండు నెలల తరువాత పట్టపగలే వచ్చి, నలుగురున్నా వెనకాడకుండా, బాగున్నానని చెప్పి పోయాడు. కోరికకు డోపమైన్ కావాలని పెప్టైడ్ కోసం వెతుకుతూ, ఇంకొక చేత్తో ఆ డోపమైన్‌నే అడ్డుకునే బిళ్ళను రోజూ మింగడం ఎంత విడ్డూరమో, దాన్ని అమ్మినవాణ్ణి నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

కాబట్టి మొదటి పనిగా, ఇంట్లో ఉన్న మందులన్నింటినీ, గ్యాసు బిళ్ళలతో సహా, ఒక సంచిలో వేసుకొని వైద్యుడికి చూపించాలి. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, మానసిక జబ్బుకు ఇచ్చే రిస్పెరిడోన్, బీపీకి ఇచ్చే అటెనోలోల్, జుట్టు రాలకుండా ఇచ్చే ఫినాస్టెరైడ్ వంటివి కొందరిలో కోరికను తగ్గిస్తాయి. వీటిని సొంతంగా ఆపడం మాత్రం పెద్ద పొరపాటు. బీపీ బిళ్ళ, దిగులు బిళ్ళ ఉన్నపళంగా మానితే వచ్చే ముప్పు కోరిక తగ్గడం కంటే పెద్దది. వైద్యుడు డోసు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తాడు.

రెండో పనిగా రక్తపరీక్షలు. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనేవి ఇద్దరికీ పనికొస్తాయి. పురుషులకు టెస్టోస్టిరాన్ కూడా చూస్తారు. అది పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది కాబట్టి ఉదయాన్నే రక్తం ఇవ్వాలి, తక్కువగా వస్తే మరొక రోజు మళ్ళీ చూసి గాని నిర్ణయానికి రాకూడదు. మధ్యాహ్నం మూడింటికి ఇచ్చిన రక్తంతో వచ్చిన ఒక్క రిపోర్టు పట్టుకొని హార్మోను ఇంజెక్షన్లు మొదలుపెట్టినవారిని చూశాను. ఇక మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత సామాన్యమో చెప్పనక్కరలేదు. మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి ముందు ఇనుము బిళ్ళ కావాలి.

మూడోది ఏ లాబూ తేల్చలేనిది. చీకటితోనే లేచి బిందెలు నింపి, పగలంతా శెనక్కాయ చేలో వంగి, రాత్రి అత్తమామలూ పిల్లలూ పడుకునే ఒకే గదిలో నడుము వాల్చే మనిషికి కోరిక కలగకపోతే దాన్ని రోగమనడం నాకు న్యాయంగా తోచదు. తాగి వచ్చే భర్త పక్కన కోరిక చచ్చిపోతే అది కూడా రోగం కాదు. కలయికలో నొప్పి ఉన్నవారికి నొప్పి తగ్గితే కోరిక దానంతటదే తిరిగి రావచ్చు. కాన్పయిన కొత్తలో, పాలిచ్చే రోజుల్లో కోరిక తగ్గడం ప్రకృతి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

స్త్రీలు గైనకాలజిస్టు దగ్గర, పురుషులు జనరల్ ఫిజీషియన్ దగ్గర లేదా హార్మోన్ల వైద్యుడి దగ్గర మొదలుపెట్టవచ్చు. దిగులు, నిద్రలేమి, తాగుడు తోడై ఉంటే మానసిక వైద్యుడి దగ్గరికి పోవడం తప్పు కాదు, దగ్గరి దారి. కర్నూలు, అనంతపురం సర్వజనాసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో ఈ విభాగాలకు ఓపీ చీటీ తీసుకొని వెళ్ళవచ్చు. ఎదురుగా కూర్చొని మాట్లాడడానికి మొదట జంకు ఉంటే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలి-మానస్ సేవ, అందులో తెలుగులో మాట్లాడవచ్చు. బస్టాండు దగ్గర లాడ్జీల్లో నెలకు ఒక రోజు గది తీసుకొని "గుప్తరోగాలకు" వైద్యం చేసేవారి దగ్గరికి మాత్రం పోకండి, ఎందుకంటే మందు వికటించిన రోజున ఆ గదిలో వేరే ఎవరో దిగి ఉంటారు.

వైద్యుడి ముందు మాట పెగలకపోతే కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకొని చేతికివ్వండి: ఎప్పటినుంచి, అంతకుముందు ఎలా ఉండేది, ఇప్పుడు మనసులో ఏమీ అనిపించడం లేదా లేక అనిపించినా శరీరం సహకరించడం లేదా, వాడుతున్న మందులేమిటి. బీపీ, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు, కాలేయ జబ్బు ఉంటే అదే కాగితం మీద రాయాలి. తాగుడు మానడానికి నాల్ట్రెక్సోన్ బిళ్ళ వాడేవారు ఆ సంగతి దాచకూడదు, ఎందుకంటే బ్రెమెలనోటైడ్ కడుపు ఖాళీ కావడాన్ని మందగింపజేసి ఆ బిళ్ళ ఒంటికి పట్టకుండా చేస్తుంది. గర్భం ధరించే ఆలోచన ఉన్నవారికి ఈ ఇంజెక్షన్ తగదు. వాడినంతకాలం గర్భనిరోధక పద్ధతి పాటించాలి, గర్భం వచ్చిందన్న అనుమానం కలిగితే ఆపేయాలి.

కొరియరు బుడ్డి గురించి

ఇంటర్నెట్టులో దొరికే పొడి బుడ్డిని ఎవరైనా మీకు చూపితే, ఫోను బొమ్మను పెద్దది చేసి లేబుల్ చదవండి. చాలావాటి మీద సన్నని అక్షరాలతో, పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు అన్న వాక్యం ఉంటుంది. అమ్మేవాడు రేపు కోర్టులో చూపించుకోవడానికి వేసుకున్న వాక్యమది. మన దేశంలో చట్టప్రకారం అమ్మే మందు లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు, బయటి దేశపు సరుకైతే దిగుమతి లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండి తీరాలి. కొత్త మందును ఇక్కడ అమ్మాలంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. ఈ వివరాల్లో ఏదీ లేని బుడ్డిలో బ్రెమెలనోటైడే ఉందో, ఎంత ఉందో, సూక్ష్మక్రిములు లేకుండా నింపారో లేదో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు.

అసలైన మందు ముందే కొలిచి నింపిన పెన్నులాంటి ఇంజెక్షనుగా వస్తుంది. ఒక్కో పెన్నులో 1.75 మి.గ్రా. ఉంటుంది, ఒక్కసారికే పనికొస్తుంది. బుడ్డి అయితే పొడిని ఇంట్లో నీళ్లతో కలిపి, ఇన్సులిన్ సిరంజితో కొలుచుకోవాలి, అక్కడ ఒక్క గీత తప్పినా డోసు మారిపోతుంది. పైగా అసలైన పెన్నును 25 డిగ్రీలకు మించని చోట, వెలుతురు తగలకుండా, గడ్డకట్టనీయకుండా ఉంచాలి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో కొరియరు వ్యాను వెనుక రెండు రోజులు తిరిగి మన గుమ్మం ముందుకు వచ్చిన బుడ్డి గతి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇన్సులిన్‌ను మంచుగడ్డల సంచిలో పెట్టి ఇచ్చే మాకు ఆ వ్యాను తలచుకుంటేనే గాభరాగా ఉంటుంది.

జిమ్ముల్లో కండ కోసం అమ్మే ఇపమోరెలిన్, బి.పి.సి.-157 వంటి పెప్టైడ్లు కోరికను కూడా పెంచుతాయని చెబుతున్నారు. కోరిక తగ్గుదలకు వాటిలో దేనికీ అనుమతి లేదు. ఆక్సిటోసిన్ కూడా పెప్టైడే. కాన్పులో రక్తస్రావం ఆపడానికి అది ప్రాణం నిలిపే మందు, బర్రెలకు పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచే సూదీ అదే. ప్రేమ హార్మోను అన్న పేరు చూసి ముక్కు స్ప్రేగా కొనేవారికి, అది కోరికను పెంచుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని చెబుతున్నాను. కిస్‌పెప్టిన్ అనే ఇంకొక పెప్టైడ్ మీద మాత్రం నాకు ఆసక్తి ఉంది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు కోరిక తగ్గిన 32 మంది స్త్రీలకు, 32 మంది పురుషులకు దాన్ని నరంలోకి ఎక్కించి, మెదడు స్పందనలో మార్పులు గమనించి, 2022లో, 2023లో ఫలితాలు ప్రచురించారు. అది ఇంకా ప్రయోగశాల దాటి చికిత్సగా రాలేదు. కాబట్టి ఆ పేరుతో ఇప్పుడు అమ్ముతున్నదాన్ని కొనకండి.

వైద్యుడు రాస్తే వాడవలసిన పద్ధతి

అన్ని పరీక్షలూ అయి, వేరే కారణమేదీ తేలక, వైద్యుడు నిజంగానే ఈ ఇంజెక్షన్ రాస్తే, అది రోజూ తీసుకునే మందు కాదని ముందు గుర్తుంచుకోవాలి. కలయికకు కనీసం 45 నిమిషాల ముందు, బొడ్డుకు రెండంగుళాలు దూరంగా పొట్ట మీదనో, తొడ మీదనో, చర్మం కిందికి తీసుకోవాలి. గుడ్డ మీదుగా పొడవకూడదు, దెబ్బ తగిలిన చోటా, మచ్చ ఉన్న చోటా పొడవకూడదు. మందు రక్తంలో గంట సేపటికి గరిష్ఠ స్థాయికి చేరుతుంది, దానిలో సగం సుమారు 2.7 గంటల్లో శరీరం నుంచి పోతుంది. అందువల్ల అది ఆ పూటకే గాని మరుసటి రోజుకు ఉండదు. 24 గంటల్లో ఒకటికి మించి, నెలలో ఎనిమిదికి మించి తీసుకోకూడదు. మొదటిసారి పని చేయలేదని అదే రాత్రి రెండోది పొడుచుకుంటే పెరిగేది కోరిక కాదు, బీపీ, వాంతి.

మొదటి డోసు పండగ రోజున, ప్రయాణం ముందు రోజున పెట్టుకోకండి. వికారం వస్తే రెండు గంటల దాకా ఉండవచ్చు కాబట్టి, ఇంట్లో తీరికగా ఉండి, తిన్నది కొంచెం తేలికగా ఉన్న రాత్రి మంచిది. ఇంట్లో బీపీ మిషను ఉంటే ఇంజెక్షనుకు ముందు, రెండు మూడు గంటల తరువాత చూసి రాసిపెట్టుకోండి. ఛాతీలో నొప్పి, చూపు మసకబారడం, విపరీతమైన తలనొప్పి వస్తే ఆగకుండా 108కి ఫోను చేయాలి, ఏం తీసుకున్నారో సిగ్గుపడకుండా చెప్పాలి. వారానికొకసారి మంచి వెలుతురులో చిగుళ్లు, ముఖం, రొమ్ములు అద్దంలో చూసుకొని, కొత్త నల్లమచ్చ కనిపిస్తే తరువాతి డోసు తీసుకోకుండా వైద్యుడికి చూపించాలి.

వాడిన తేదీలు, ఆ రోజు మనసుకు ఎలా అనిపించిందో, వికారం ఎంతసేపు ఉందో ఒక క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఎనిమిది వారాలు నిండేసరికి తేడా తెలియకపోతే మందు ఆపేయమని లేబులే చెబుతోంది. ఇంకో నెల చూద్దామన్న ఆశతో కొనసాగించడం వల్ల డబ్బు పోవడం, మచ్చలు రావడం తప్ప ప్రయోజనం ఉండదు. ఆపిన రోజున ఆ క్యాలెండరును వైద్యుడికి చూపించి, దిగులుకు మందా, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలింగా, ఇంకేదైనానా అన్న సంగతి అక్కడినుంచి మొదలుపెట్టించండి. మిగిలిన పెన్నులుంటే ఇంకెవరికీ ఇవ్వకండి, వాడిన పెన్నులను సూది బయటికి రాని గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రిలో అప్పగించండి.